మబ్బు కాపలా

నా చిన్నప్పుడు మా ఊళ్ళో వేసవి చివరి పదిహేను రోజులూ ఎవరూ నేల చూసి నడిచేవారు కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ తలెత్తి పడమటి కొండల వైపు ఒకసారి చూసి, మళ్ళీ మాటల్లో పడేవారు. వల బాగుచేసుకుంటున్నా, చుట్ట ముట్టించుకుంటున్నా, పిల్లకి జడ వేస్తున్నా అంతే. మా అమ్మ అలా చూస్తూ వేసిన జడతో నేను బడికి వెళ్ళిన రోజులున్నాయి. పాపిడి ఎటు పోయిందో నాకే తెలిసేది కాదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. పట్నమంటే పట్నం కాదు, పల్లె అంటే పల్లె కాదు. ఒక బజారు, ఒక బడి, వారానికి మూడు రోజులు డాక్టరు వచ్చే చిన్న ఆస్పత్రి ఉండేవి. ఊళ్ళో సగం ఇళ్ళు వరినీ మామిడినీ నమ్ముకున్నవి, సగం ఇళ్ళు సముద్రం మీద వేటని నమ్ముకున్నవి. రెండు రకాల వాళ్ళకీ వేసవి చివర ఒకటే దిగులు. ఎండ ఉండగానే ఎండబెట్టుకోవలసినవన్నీ ఎండబెట్టేసుకోవాలి. వానాకాలం వచ్చి సముద్రం రేగితే తెప్పలు ఒడ్డునే పడి ఉంటాయి. పొలంలో నడుములు విరిగేంత పని ఉంటుంది కానీ గింజ చేతికి రాదు. ఆ నాలుగు నెలలూ కంచంలోకి వచ్చేది ఇప్పుడు ఎండబెట్టుకున్నదే.

రోహిణి కార్తె ఎండ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయితే సముద్రం పక్క ఎండ వేరు. పెళ్ళయి బొబ్బిలి వెళ్ళాక నాకు తేడా తెలిసింది. బొబ్బిలి ఎండ కాలుస్తుంది, మా ఊరి ఎండ ఉడకబెడుతుంది. పొద్దున్న కట్టుకున్న బట్ట పదింటికల్లా ఒంటికి అతుక్కుపోయేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలో కుక్క కూడా కనిపించేది కాదు. అందరూ తలుపులు మూసుకుని చల్లటి మట్టి నేల మీద పడుకునేవారు.

మా వీధి వెనక, ఇళ్ళకీ సముద్రానికీ నడుమ, పెద్ద ఇసక దిబ్బ ఒకటుండేది. మే నెలాఖరుకి ఆ దిబ్బ మీద కాలు పెట్టడానికి చోటు దొరికేది కాదు. గాలి దక్షిణం నుంచి వీస్తుంది కనక ఉత్తరం కొసన నెత్తళ్ళూ మిగతా ఎండు చేపలూ, ఇటువైపు చింతపండు, మిరపకాయలు, వడియాలు, మామిడి తాండ్ర. గాలి ఏ పూటైనా దిశ మార్చుకుందంటే పోట్లాట మొదలయ్యేది. మా తాండ్రకి నీచు వాసన పడుతోందని మావాళ్ళు, మీ వడియాల కోసం వచ్చిన కాకులు మా చేపలు ఎత్తుకుపోతున్నాయని వాళ్ళు. ప్రతి ఏడూ అదే గొడవ, అవే మాటలు. సాయంత్రానికి ఒకరింటి కూర ఒకరింటికి వెళ్ళిపోయేది.

ఆ దిబ్బకి కాపలా పిల్లలది. బడి సెలవులు కదా, రోజుకొక ఇంటి నుంచి ఒక పిల్లో పిల్లాడో వంతు ప్రకారం వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి. సముద్రం వైపు అంచున నాలుగు గుంజల మీద తాటాకు పందిరి వేసి, దానికొక ఇనప రేకు వేలాడదీసేవారు. కాకి వాలితే కర్రతో ఆ రేకు మీద ఒక్క దెబ్బ వెయ్యాలి. మబ్బు పడితే మాత్రం ఆపకుండా కొట్టాలి. ఆ చప్పుడికి వీధి వీధంతా లేచి పరిగెత్తుకొచ్చేది.

అలా వచ్చినవాళ్ళు ఎవరి చాప అని చూడకూడదు. కాలికి ఏ చాప దగ్గరుంటే అది ఎత్తి, ఏ అరుగు దగ్గరుంటే దానిమీద పెట్టాలి. ఎవరికి వారు తమ చాప వెతుక్కుంటే ఒకరికొకరు అడ్డం పడి సగం తడిసిపోతాయి, ఊరందరికీ తెలిసిన లెక్క అది. ఇళ్ళ వైపు చాపలు ఇళ్ళలోంచి వచ్చేవాళ్ళు ఎత్తుతారు. సముద్రం వైపు అంచున ఉన్నవి ఎత్తడం కాపలా పిల్ల వంతు. వాటిని ఇళ్ళదాకా మొయ్యక్కర్లేదు. పందిరి పక్కనే ఒక పాత పడవ బోర్లించి ఉండేది, దాని కిందకి తోసేస్తే చుక్క తడవదు. వాన వెలిశాక అందరూ అరుగుల మీద చేరి ఏ చాప ఎవరిదో పోల్చుకుని పట్టుకెళ్ళేవారు. మా అరుగు మీద ఎవరి నెత్తళ్ళో, ఎవరి అరుగు మీదో మా వడియాలు. ఆ పూట నవ్వులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

ఇక మా నాయనమ్మ సంగతి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టుండే మనిషి. ఆవిడ చేసిన తాండ్ర తిన్నాక నాకు ఇంకెవరి తాండ్రా తాండ్ర అనిపించలేదు. మా తోటలో పీచు మామిడి చెట్లు రెండుండేవి. ఆ పళ్ళు పిసికి, రసం వడగట్టి, బెల్లం కలిపి తాటాకు చాప మీద అరచేత్తో పూత పూసేది. అది ఆరాక మర్నాడు దానిమీద ఇంకో పూత. రోజుకొక్క పూతే, తొందర పడితే లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది. ఇరవై రోజులు పూస్తే వేలెడు మందం వచ్చేది. ఆ ఏడు మావి నాలుగు చాపలు. పిల్ల ఒక్కతే ఎత్తగలిగినంత చిన్న చాపలే కానీ, తాండ్ర నిండితే బరువుండేవి. కోసేటప్పుడు అంచులన్నీ నీకేనని నాయనమ్మ నాకు మాటిచ్చింది. ఇంకో రెండు రోజుల్లో కోస్తుంది. నాకప్పుడు పదేళ్ళు. రాత్రి కలలో కూడా అంచులే నమిలేదాన్ని.

మా పక్కింటి అక్క కూడా ఆ ఏడు తాండ్ర పెట్టింది. అక్క అంటే తోబుట్టువు కాదు, అలా పిలవడం అలవాటు. వేటకెళ్ళేవాళ్ళ ఇంటి కోడలు. మగడు ఒరిస్సా వైపు పడవల మీద పనికి వెళ్ళి ఆ ఏడు ఇంకా తిరిగి రాలేదు. చంకలో ఏడాది పిల్లాడు. వాళ్ళది గుండ్రంగా మట్టి గోడలున్న చుట్టిల్లు. దాని కప్పు తాటాకు నల్లబడి, చివికి, చెయ్యి పెడితే పొడిపొడిగా రాలేది. పగలు ఆ ఇంట్లో కూర్చుంటే కప్పులోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడేది. నాకు ఆ చుక్కల మీద కాలు పెట్టుకుంటూ ఆడుకోవడం సరదా. వానలు మొదలయ్యేలోగా కప్పు నేయించుకోకపోతే ఆ చుక్కలే వాన నీళ్ళవుతాయని, పసివాణ్ణి పెట్టుకుని ఆవిడ ఎక్కడుంటుందని నేను ఆలోచించలేదు. అక్క మా తోటలో రాలిన పళ్ళు అడిగి తెచ్చుకుని మూడు చాపలు పెట్టింది. తాండ్ర కోటబొమ్మాళి సంతలో అమ్మి, ఆ వచ్చిన దానితో తాటాకు కొనాలని ఆవిడ ఆశ. ఆలస్యంగా మొదలుపెట్టింది కనక చోటు దొరక్క సముద్రం వైపు అంచున, పందిరి పక్కనే పరుచుకుంది.

ఆ రోజు కాపలా వంతు నాది. పొద్దున్న పదింటికి అక్క పిల్లాణ్ణి భుజాన వేసుకుని పందిరి దగ్గరికొచ్చింది. పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది.

"ఒలే, గుంటడికి జొరం తగ్గలేదు. ఆస్పత్రికి ఎల్లొస్తాను. అక్కడ ఎంతసేపౌతాదో ఏటో. మబ్బు గాని వస్తే నా సాపలు సూడే, తల్లీ," అంది.

"సూస్తానక్కా," అన్నాను. నిజంగానే చూద్దామనుకున్నాను. ఆ మాట ఇచ్చేటప్పుడు నా మనసులో ఏ దొంగతనమూ లేదు. మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చిన నాయనమ్మకి కూడా ఆ సంగతి చెప్పాను.

మధ్యాహ్నం రెండు దాటాక గాలి ఆగిపోయింది. పందిరి తాటాకులు కదలడం మానేశాయి. కాకులు ఒక్కటీ లేవు, ఎటు పోయాయో. నేను చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే కొండల మీద నల్లటి మబ్బు లేస్తోంది. దాని కింద ఇసక రంగు ధూళి. అది మామూలుగా నడిచే మబ్బు కాదు. చూస్తూండగానే కొండ కనిపించకుండా పోయింది.

కర్ర నా చేతిలోనే ఉంది. రేకు నా తల దగ్గరే ఉంది. ఇప్పుడు కొడితే జనం లేచి వస్తారు. ఎవరి కాలికి ఏది దగ్గరుంటే అది ఎత్తుతారు. మా నాలుగు చాపలు ఇళ్ళ వైపే ఉన్నా మధ్యలో ఉన్నాయి. వాటి దాకా ఎవరైనా వస్తారో రారో? వచ్చేలోగా రెండు చినుకులు పడితే? రెండు రోజుల్లో కోయబోయే తాండ్ర. అంచులన్నీ నావి. ముందు మావి నాలుగూ అరుగు మీద పెట్టేసి వచ్చి కొడతాను, ఎంతసేపు పడుతుంది అనుకున్నాను. ఇంత వయసొచ్చి కూడా ఆ ఆలోచనలో ఒక్క ముక్క మరిచిపోలేదు.

కర్ర కింద పడేసి పరిగెత్తాను. మొదటి చాప ఎత్తి మా వెనక అరుగు మీద పెట్టినప్పుడు నాకేమీ అనిపించలేదు. రెండో చాప మోస్తుంటే గాలి లేచింది, ఇసక కళ్ళలో కొట్టింది. అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో. తెలిసీ మూడోది ఎత్తాను. నాలుగోది ఎత్తేటప్పుడు పందిరి వైపు చూడకుండా మొహం తిప్పుకున్నాను. నాలుగూ పెట్టేశాక వెనక్కి పరిగెత్తి రేకు పట్టుకుని చేతులు మంట పుట్టేలా కొట్టాను.

జనం వచ్చారు. ఎంత వేగంగా వచ్చారో చెప్పలేను, నిద్రలోంచి లేచినవాళ్ళు లేచినట్టే వచ్చారు. కానీ వాన వాళ్ళతో సమానంగా వచ్చింది. రూపాయి కాసంత చినుకులు. ఇళ్ళ వైపు చాపలు చాలామటుకు అందుకున్నారు, చేపలు కొన్ని తడిశాయి. అక్క చాపల మీద కప్పిన పల్చటి పంచె గాలికి లేచి ఎటో పోయింది. నేను ఒక్కో చాపనీ పడవ కిందకి లాగేసరికి మూడింటి మీదా నీళ్ళు నిలిచాయి, ఆ నీళ్ళలో ఇసక. పందిరి నుంచి ఆ చాపలకి ఆరడుగులు కూడా లేదు.

వాన అరగంటలో వెలిసింది. మట్టి వాసన, చల్లగాలి, అరుగుల మీద జనం. అందరూ ఆ ఏటి మొదటి వాన చూసిన సంతోషంలో ఉన్నారు. ఎవరి చాప ఎవరిదో పోల్చుకుంటూ నవ్వుకుంటున్నారు. ఎవరో నా వీపు తట్టి రేకు బాగా కొట్టావే అన్నారు. నేను మా వెనక అరుగు మీద స్తంభం పక్కన నిలబడ్డాను. మా నాయనమ్మ అక్కడే ఉంది. మా చాపలు నాలుగూ వరసగా ఉన్నాయి, ఒక్క చినుకు మచ్చ లేదు. ఆవిడ వంగి ఒక చాప అంచు ఎత్తి అడుగు వైపు చెయ్యి పెట్టి చూసింది. పొడి ఇసక రాలింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్పి ఉందును, అందుకే అడగలేదేమో.

అప్పుడే అక్క ఆస్పత్రి నుంచి వచ్చింది. పిల్లాణ్ణి పైట కింద దాచుకుని తాను మొత్తం తడిసిపోయింది. వస్తూనే దిబ్బ మీదికి వెళ్ళి పడవ కింద చాపలు బయటికి లాగి చూసుకుంది. ఏడవలేదు. కూలబడి, ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని, రెండో చేతి గోటితో తాండ్ర మీద ఇసక ఒక్కొక్క రేణువూ గీకడం మొదలుపెట్టింది. అలా గీకితే పోయేది కాదని ఆవిడకీ తెలుసు, చూస్తున్న అందరికీ తెలుసు. తడిసిన తాండ్ర రెండు రోజుల్లో పులిసిపోతుంది. అరుగుల మీద నవ్వులు ఆగిపోయాయి.

మా నాయనమ్మ అరుగు దిగి నాలుగడుగులు వేసి గట్టిగా పిలిచింది.

"ఏటే, అక్కడ కూకొని ఏటి సేస్తన్నావు? నీ సాపలు మా అరుగు మీద ఉన్నాయి."

అక్క తలెత్తి అర్థం కానట్టు చూసింది.

"నువ్వు సెప్పెల్లినావంట గదా మా గుంటకి. అదేమో ముందు నీవి మోసీసి మా అరుగు మీద ఎట్టీసినాది. ఆ తడిసినవి మావి. బేగి వచ్చి పట్టుకెల్లు, గుంటడికి సలిగాలి తగుల్తాది."

ఆ మాటతో అందరూ నావైపు తిరిగారు. కాదని అరవాలనిపించింది. అరవకుండా స్తంభం వెనక్కి జరిగాను. అక్క మా నాయనమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి మా అరుగు దగ్గరికొచ్చి, ఆ చాపల వైపు చూసి, "అలాగేటి మామ్మా" అంది మెల్లిగా. "నాయి మూడే గదా, ఒకటి మీదై ఉంటాది."

"అయితే మూడు పట్టుకెల్లు. సెయ్యి తిరగని గుంట, ఏది ఏదో దానికి తెల్దు," అంది నాయనమ్మ.

అక్క నా తల మీద చెయ్యి వేసి, "సల్లగుండు తల్లీ" అంది. తడి చెయ్యి. ఇంతకన్నా బరువైన చెయ్యి నా తల మీద ఇంకెవరూ పెట్టలేదు.

మర్నాడు పొద్దున్న నాయనమ్మ ఆ తడిసిన తాండ్ర ముక్కలు చేసి గేదె కుడితిలో వేస్తుంటే నేను పక్కన నిలబడ్డాను. మిగిలిన ఆ ఒక్క చాప తాండ్ర అప్పటికే కోసి, అక్క పిల్లాడికి కొంతా, చేపలు తడిసిన వాళ్ళకి కొంతా పంపేసింది. అంచుల మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాన్న వచ్చి మన తాండ్ర ఎలా తడిసిందని అడిగితే వాన రాలేదా అని ఊరుకుంది. నాన్న వెళ్ళాక కుడితిలో చెయ్యి కడుక్కుంటూ నావైపు చూడకుండా అంది.

"ఇన్నేల్లొచ్చినాయి, అంతమంది ముందర నాను ఎప్పుడూ అబద్దమాడలేదు. నిన్న నువ్వు ఆడించినావు. ఇంకోపాలి నా సేత ఆడించకు."

అంతే. కొట్టలేదు, తిట్టలేదు, ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఏడిస్తే ఏడవనిచ్చింది. నన్ను దగ్గరికి తీసుకోలేదు కూడా. మా నాయనమ్మ అలాంటి మనిషి. ఆ మాట విన్నప్పుడు నాకు తాండ్ర మీద ఉన్న ఆశ, వానకి కొట్టుకుపోయినట్టు పోయింది. నిజానికి అసలు శిక్ష ఆ తర్వాతే మొదలైంది. వీధిలో నడిస్తే చాలు, ఎవరో ఒకరు పిలిచి మెచ్చుకునేవారు. చేపలమ్మే ముసలమ్మ పిలిచి తాటిముంజెలు చేతిలో పెట్టింది. బడి మేస్టారు భార్య వాళ్ళ పిల్లలకి నన్ను చూపించి బుద్ధులు చెప్పింది. నేను ఆ ముంజెలు మా ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాను, అవి ఎండిపోయాక పారేశాను. పక్కింటి గుమ్మం ముందునుంచి వెళ్ళాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

అక్క మూడు చాపల తాండ్రా సంతకి పట్టుకెళ్ళింది. వారం తిరక్కుండా ఆవిడ గుమ్మంలో బండెడు తాటాకు దిగింది. కప్పు నేసేరోజు వీధిలో చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళందరూ వెళ్ళారు. మగవాళ్ళు పైకెక్కి కడుతుంటే ఆడవాళ్ళు కిందనుంచి ఆకు అందించారు. నన్నెవరూ పిలవలేదు కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను వాళ్ళకి నీళ్ళు మోశాను. మృగశిర వచ్చి రెండు రోజులు కురిసినప్పుడు అక్క ఇంట్లోకి తొంగి చూశాను. నేల పొడిగా ఉంది. పిల్లాడు ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు. ఆ చినుకుల చప్పుడు వింటూ ఆ గుమ్మంలోనే కాసేపు కూర్చుండిపోయాను.

మరుసటి వేసవి కాపలా వంతులు వేస్తుంటే నాకు కడుపునొప్పి వచ్చింది. వంతుల రోజు వచ్చే కడుపునొప్పి మా అమ్మకి బాగా తెలుసు, లాక్కెళ్ళి నిలబెట్టింది. అందరికీ ఒక్కో రోజు ఇచ్చి, నాకు రోహిణిలో వరసగా నాలుగు రోజులు ఇచ్చారు. మబ్బులు ఎక్కువ పట్టే రోజులు. నా మీద ఇంత నమ్మకమా అని లోపల్లోపల చచ్చిపోయాను. మూడో రోజు మబ్బు వచ్చింది. కొండ మీద మరక కనిపించీ కనిపించకముందే రేకు వాయించాను. వాయించి, కాలి దగ్గరున్న చాప ఎత్తాను. అవి ఎవరివో నెత్తళ్ళు. ఒంటి నిండా నీచు వాసన. మావి ఏమయ్యాయో సాయంత్రం దాకా నాకు గుర్తే రాలేదు.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మా నాయనమ్మ పోయింది. ఒకసారి మా పుట్టింట్లో ఏదో పేరంటానికి వెళ్ళినప్పుడు అక్క ఎదురుపడింది. అప్పటికే ఆవిడ నెత్తి నెరిసింది, కింద పళ్ళు రెండు పోయాయి. ఆ పసివాడు ఇప్పుడు నలుగురు పిల్లల తండ్రి, సొంతానికి పడవ ఉంది. భోజనాలయ్యాక ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఇంక దాచుకోలేక, ఆ రోజు జరిగింది మొత్తం చెప్పేశాను. కర్ర కింద పడేయడం, నాలుగు చాపలు మోయడం, అన్నీ. చెబుతూ చెబుతూ నలభై ఏళ్ళ మనిషిని చిన్నపిల్లలా ఏడ్చాను.

అక్క నవ్వింది. ఆ బోసి నవ్వు ఎంత బాగుందో, నాకు ముందు కోపం వచ్చింది.

"తెల్సులేయే," అంది. "నా సేత్తో ఏసిన పూత నాకు తెల్దేటి? నాది తాటిబెల్లం, నల్లగుంటాది. మీది సెరుకు బెల్లం, పచ్చగ మెరిసిపోతన్నాది. గుడ్డోలికి కూడా తెలుస్తాది."

"మరి ఎందుకు పట్టుకెళ్ళావక్కా?"

"నాకప్పుడు కప్పు గావాలి. కాదంటే మామ్మ నలుగుర్లో అబద్దాలకోరు అయిపోతాది. నువ్వు దొంగవైపోతావు. నాకేటొస్తాది?"

ఆ రోజు అరుగుల మీద ఉన్న మిగతావాళ్ళకి తెలుసా అని అడిగాను. అందరికీ తెలుసంది. ఏ ఇంటి తాండ్ర ఏ రంగో ఆ వీధిలో ఎవరికి తెలియదు? వీపు తట్టినవాళ్ళకీ, ముంజెలు పెట్టిన ముసలమ్మకీ, బుద్ధులు చెప్పిన మేస్టారి భార్యకీ, అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఆ అబద్ధం ఊరంతా నమ్మిందనుకున్నది నేనొక్కదాన్నే.

అప్పుడు అక్క ఇంకో మాట చెప్పింది. మరుసటి ఏడు వంతులు వేసేటప్పుడు ఎవరో పెద్దాయన ఆ పిల్లని వదిలెయ్యండి, దానికి కాపలా వద్దన్నాడట. నాలుగు రోజులూ ఆ గుంటకే ఇవ్వండని అడిగింది అక్కేనట.

"ఎందుకక్కా?" అన్నాను.

"ఇంక నీకంటే బాగా కాసేవోలు ఈ ఊర్లో ఎవులున్నారే?" అంది, అదేదో అడగక్కర్లేని సంగతైనట్టు.

నేనిప్పుడు విజయనగరంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మబ్బు ఎప్పుడు వస్తుందో మా మనవరాలు ఫోన్లో చూసి చెప్పేస్తుంది. నా మెడ మాత్రం వేసవి చివర ఇంకా పడమటికి తిరుగుతూనే ఉంటుంది. మా నాయనమ్మ చేసింది నన్ను కాపాడడమేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. కాదు. ఆవిడ నాకు ఒక మంచి పేరు ముందే ఇచ్చేసింది, ఊరంతా కలిసి ఆ పేరు నా మీద ఉంచింది, ఇక దానికి తగ్గట్టు బతకడం నా వంతయింది. తిడితే నాలుగు రోజుల్లో మరిచిపోయేదాన్ని.

ఈ మధ్య బొబ్బిలి పెళ్ళికి బయలుదేరి బస్సు కాంప్లెక్సులో కూర్చున్నాను. పక్కనున్న ఆమె ఎవరో, పేరు కూడా తెలియదు, నిద్రపోతున్న పిల్లనీ ఒక సంచీనీ బల్ల మీద ఉంచి, "కొంచెం సూస్తుండమ్మా, మందులు కొనుక్కొస్తాను" అని వెళ్ళింది. ఆవిడ వెళ్ళగానే నా బస్సు వచ్చింది. కండక్టరు పిలిచాడు, మనవరాలు చెయ్యి పట్టుకు లాగింది. నేను లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. మనవరాలు అలిగి మొహం అటు తిప్పుకుంది. ఆ పిల్ల మీద ఈగ వాలితే తోలుతూ, వాళ్ళమ్మ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.